సంచి పెట్టాక కూడా వెనక నుంచి జిగురు వస్తోంది, మామూలేనా?

ప్రశ్న (దేవరకొండ దగ్గరి పల్లె నుంచి):
మా నాన్నకు పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయి ఐదు నెలలైంది. పేగు కొనను పొట్టకు ఎడమ పక్కన బయటికి తెచ్చి, మలం పడేందుకు కొలోస్టమీ సంచి పెట్టారు. సంచిలోకి రోజూ సరిగ్గానే వస్తోంది. మొన్న రాత్రి ఉన్నట్టుండి "దొడ్డికి వస్తోంది" అని లేచి బాత్రూమ్‌కు పోయాడు. అట్లెట్ల వస్తది అనుకున్నాం. చూస్తే కోడిగుడ్డు తెల్లసొన లాంటి జిగురు, గుప్పెడంత. రక్తం లేదు. లోపలి కుట్లు ఊడాయేమోనని నాన్న తెల్లారేదాకా కన్ను మూయలేదు. డిశ్చార్జి రోజు సంచి మార్చడం నేర్పారు గానీ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

జవాబు (మిర్యాలగూడ, మూడేళ్లుగా సంచితోనే ఉన్నా):
తమ్ముడూ, ముందు డిశ్చార్జి కాగితం తీసి ఆపరేషన్ పేరు చూడు. మలద్వారం ఉంచారా, కుట్టేశారా అన్నదే అసలు సంగతి.

ప్రశ్న అడిగినాయన:
హార్ట్‌మన్స్ అని ఉందన్నా.

జవాబు:
అయితే టెన్షన్ వద్దు. అందులో కింది పేగు ముక్కను పైకొన మూసి లోపలే వదిలేస్తారు, మలద్వారం అట్లే ఉంటుంది. మలం జారడానికి పేగు పొర జిగురు తయారు చేస్తుంది కదా, ఆ ముక్కలోకి మలం రాకపోయినా ఆ పని ఆగదు. బయటికి రావడానికి దానికి అదొక్కటే దారి. కొందరికి రోజూ వస్తుంది, నాకు రెండు మూడు వారాలకోసారి. ఆపుకుంటే గట్టిపడి ఉండ కడుతుంది, అప్పుడు నిజంగానే నొప్పి. వచ్చినట్టనిపిస్తే కాసేపు కూర్చోమను, ముక్కొద్దని చెప్పు. ముక్కితే స్టోమా (పొట్ట మీదికి తెచ్చిన పేగు నోరు) పక్కన హెర్నియా, అంటే పేగు చర్మం కిందికి ఉబ్బడం, వచ్చే భయం ఉంది. గట్టిపడితే గ్లిజరిన్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు బిళ్ల) పెడతారు, అది డాక్టర్ను అడిగాకే. ఎనిమా జోలికి సొంతంగా అసలు పోవద్దు.

మలద్వారం కుట్టేసిన వాళ్లకు కూడా దొడ్డికి వచ్చినట్టే అనిపిస్తుంది, అది నరాల జ్ఞాపకం. కానీ వాళ్లకు ఆ కుట్ల దగ్గర తడి, చీము కనిపిస్తే సర్జన్‌కు చూపించాల్సిందే.

జవాబు (నల్లగొండ, స్టాఫ్ నర్సును):
అన్న చెప్పింది నిజమే. జిగురుతో రక్తం గానీ చీము గానీ వచ్చినా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. ఇంకోటి, సంచిలోకి మలమూ గ్యాసూ రెండూ ఆగి, పొట్ట ఉబ్బి వాంతులైతే తెల్లారేదాకా చూడొద్దు. స్టోమా మన పెదవి లోపలి వైపు ఉండే రంగులో, తడిగా ఉండాలి. నల్లబడితే వెంటనే ఆస్పత్రికి.

జవాబు (మిర్యాలగూడ):
అవునక్కా. మన దగ్గర బత్తాయి ఎక్కువ కదా, నేనొకసారి తొనలు పొరతో సహా గబగబా మింగితే అడ్డుపడి, ఒక రోజంతా సంచి ఖాళీగా చూసుకుంటూ కూర్చున్నా. ఇప్పుడు రసమే తాగుతా.

ప్రశ్న అడిగినాయన:
నాన్నకు చదివి వినిపించా. "కుట్లు కాదు కదా" అని రెండుసార్లు అడిగి అన్నం తిన్నాడు. గురువారం చెకప్ ఉంది, సపోజిటరీ సంగతి అక్కడే అడుగుతాం.