పాత రేంజ్‌ఫైండర్ కెమెరా మీద ఇప్పుడు డబ్బు పెట్టడం దండగా, కాదా?

మేనమామ కెమెరా:
మా మామయ్య ఒకప్పుడు మస్కట్ నుంచి తెచ్చుకున్న కెనానెట్ క్యూఎల్17 జీ-3 నా చేతికొచ్చింది. ఫిల్ము రీలు వేసే రేంజ్‌ఫైండర్ కెమెరా, అంటే లెన్సులోంచి కాకుండా పైనున్న చిన్న కిటికీలోంచి (వ్యూఫైండర్) చూసి ఫోకస్ చేసేది. 1972లో వచ్చిన మోడల్, 40 ఎంఎం ఎఫ్/1.7 లెన్సు. ఇరవై ఏళ్లు బీరువాలో పడి ఉండటంతో వెనక మూతలోని నురుగు పట్టీలు జిగురైపోయాయి, లెన్సు లోపల వెలుతురికి తెరుచుకుని మూసుకునే షట్టర్ రేకులు అతుక్కుపోయాయి. బాగుచేయడానికి 4,500 అడిగారు. మా తమ్ముడు "అమ్మెయ్, ఫోనుందిగా" అంటున్నాడు. వాడుతున్నవాళ్లూ, వాడి వదిలేసినవాళ్లూ చెప్పండి.

లెక్కల మాస్టారు:
మీ తమ్ముడి మాటే నయం. పోయిన నెల నాకు కలర్ రీలు, కడిగించడం, స్కానింగ్, కొరియర్ అన్నీ కలిపి 1,900 అయింది. రీలుకి 36 ఫొటోలు, 36తో భాగించండి, ఫొటోకి 50 దాటింది. అందులో పనికొచ్చినవి తొమ్మిది. పైగా ఆ కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు 1.35 ఓల్టుల మెర్క్యురీ సెల్లుకి చేసింది. ఆ సెల్లులిప్పుడు రావు. "36 మాత్రమే ఉంటే ఆలోచించి తీస్తాం" అని ఎవరో ఒకరు వస్తారు చూడండి. ఆలోచించి తీయాలంటే ఫోనుతోనూ తీయొచ్చు, ఎవరూ చెయ్యి పట్టుకోరు.

సందు చివర:
మాస్టారూ, ఆ 36 వాదన నేనూ చేయను, అది ఉత్త మాట. నాకు నచ్చేది చూసే తీరు. వ్యూఫైండర్ మధ్యలో చిన్న పసుపు మచ్చ ఉంటుంది, అందులో మనిషి ముఖం రెండుగా కనిపిస్తుంది. లెన్సు పక్క మీట కాస్త తిప్పితే రెండు ముక్కులూ ఒకటవుతాయి. అదే ఫోకస్. గీతల చట్రం బయట కూడా కనిపిస్తుంది కాబట్టి ఫ్రేములోకి ఎవరు నడిచొస్తున్నారో ముందే తెలుస్తుంది. నొక్కితే వాచీ చప్పుడంత "టిక్". పొద్దున్నే సికింద్రాబాద్ మోండా మార్కెట్లో పూలు గుచ్చేవాళ్ల పక్కన నిలబడి తీస్తే తల కూడా ఎత్తలేదు.

ఇక సెల్లు. చెవి మిషన్లు అమ్మే షాపులో 675 సైజుది దొరుకుతుంది, 1.4 ఓల్టులు. కాస్త చిన్నది, చుట్టూ రబ్బరు రింగు వేస్తే సరిపోతుంది. స్టిక్కర్ పీకాక వాడినా వాడకపోయినా కొన్ని వారాలకే అయిపోతుంది, అంతే.

లెక్కల మాస్టారు:
మామూలు 1.5 ఓల్టుల సెల్లు వేసుకునేవాళ్ల సంగతి? మీటరు వెలుతురు ఎక్కువుందనుకుని లెన్సు రంధ్రాన్ని చిన్నది చేస్తుంది, ఫొటోలు నల్లగా వస్తాయి.

సందు చివర:
200 స్పీడు రీలు (ఈ అంకె పెద్దదైతే తక్కువ వెలుతురు చాలు) వేసి మీటరు 100 మీద పెడితే చాలావరకు సర్దుకుంటుంది. అసలు మాన్యువల్లో సెల్లు లేకుండానే షట్టర్ పని చేస్తుంది. నిండు ఎండలో 200 రీలుకి లెన్సు రంధ్రం ఎఫ్/16 (ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నది), షట్టర్ సెకనులో 250వ వంతు. మన ఎండకి మీటరెందుకన్నా!

కాకినాడ స్టూడియో:
పెళ్లిళ్లకి పదిహేనేళ్లు రీలు తీసినవాణ్ణి. డిజిటల్ వచ్చిన రోజున నేనేమీ ఏడవలేదు. ఫిల్ము కడిగే హైపో మందు వాసన అన్నం తినేటప్పుడు కూడా చేతికుండేది. నలుపు తెలుపు డెవలపర్ టైములు 20 డిగ్రీలకి లెక్కగట్టినవి, మే నెలలో మా పంపు నీళ్లు సలసలా కాగుతుంటే ఐసుగడ్డలు కొని తెచ్చేవాళ్లం. దాన్ని చూసి ముచ్చటపడేవాళ్లంటే నాకు కొంచెం నవ్వే.

ఒక చిన్న హెచ్చరిక. రేంజ్‌ఫైండర్లో మనం చూసేది లెన్సులోంచి కాదు. మా బావమరిది నిశ్చితార్థానికి ఇలాంటిది పట్టుకెళ్లి, లెన్సు మూత తీయకుండానే తాంబూలాలన్నీ తీశాను. అప్పుడు కెమెరా ఆటో మోడ్‌లో లేదు. ఆటో మోడ్‌లో ఉంటే చీకటనుకుని అదే నొక్కనిచ్చేది కాదు. ఇప్పటికీ మా ఆవిడ గుర్తు చేస్తుంది.

అయినా బాగుచేయించమనే అంటాను. 400 రీలు మాత్రం వద్దు. దీని షట్టర్ 500వ వంతు దాటదు, మధ్యాహ్నం ఎండలో ఎఫ్/16 మీదే ఇరుక్కుపోతావు. వెనక మసకగా రావాలని 1.7 లెన్సు కొన్నవాడికి అదేం సుఖం?

లెక్కల మాస్టారు:
గురువుగారూ, తిట్టి మరీ కొనిపిస్తున్నారు. సరే, ఒక్క షరతు. లెన్సులో బూజు ఉంటే ఆ 4,500 కూడా నీళ్లపాలే. డబ్బిచ్చే ముందు టార్చి వేసి చూడండి.

మేనమామ కెమెరా:
ఇప్పుడే చూశాను. వెనక మూత తీసి లెన్సు గుండా వెలుతురు దాటించి చూద్దామంటే రేకులు కదలవు కాబట్టి ముందు నుంచే వేశాను. అంచున సాలెపోగులాంటిది ఒకటి ఉంది. మధ్యలో శుభ్రంగా ఉంది. వెనక గాజు సంగతి రేకులు తెరుచుకుంటే గానీ పూర్తిగా తెలియదు.

కాకినాడ స్టూడియో:
అంచున ఒక పోగు ఫొటోలో కనపడదు. మెకానిక్‌ని ముందు రేకులు విడదీసి వెనక గాజు నీకు చూపించమను, తర్వాతే మిగతా పని. మొదటి రీలు నలుపు తెలుపుది వెయ్యి. వైండింగ్ చేస్తున్నప్పుడు ఎడమవైపు గుండీ తిరుగుతోందో లేదో చూసుకో, తిరిగితేనే రీలు కదిలినట్టు. ఇంకోటి, ఆ తోలు కేసు తేమ పీలుస్తుంది. కేసు బీరువాలోనే ఉండనీ, కెమెరాని బయట పెట్టు.