బాలాపూర్ బాబుకు మన నిధి నుంచి కుర్చీ ఇద్దామా, వద్దా?

బోయినపల్లి ఫిజియో
అందరికీ నమస్తే. బాలాపూర్‌లో, బర్మా నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థుల గుడిసెల్లో ఒక బాబు ఉన్నాడు. ఆరేళ్లు. సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండవు. కాళ్లూ చేతులూ నాలుగూ బిగుసుకుపోయి ఉంటాయి, ఫిట్స్ కూడా ఉన్నాయి. పుట్టగానే ఏడవలేదట. మూడు నెలల నుంచి నేనూ, వికలత్వం ఉన్న పిల్లల కోసం పెట్టుకున్న మన సంఘంలోని ఇద్దరు తల్లులూ ఆదివారం ఆదివారం వెళ్తున్నాం. వాడికి మెడ నిలవదు. వాళ్లమ్మ నేల మీద కూర్చుని, వాణ్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, పప్పన్నం మెత్తగా పిసికి వేలితో పెడుతుంది. ప్రతి ముద్దకీ పొలమారుతుంది. ఈ వానల్లో రెండుసార్లు నిమోనియా వచ్చింది. తలా నడుమూ ఆనించి కూర్చోబెట్టే సీపీ కుర్చీ ఉంటే నిటారుగా కూర్చుని తింటాడు. మన నిధిలో 38,000 ఉంది. అందులోంచి 16,000 ఇద్దామని అడుగుతున్నా. ఎవరి మాట వాళ్లు చెప్పండి.

వరంగల్ అన్న
ఇయ్యాలె. పిలగాడు పిలగాడే.

మల్కాజ్‌గిరి నాన్న
నాకు అభ్యంతరం ఉంది. ఆ 38,000 ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకోండి. నెలకు 200 చొప్పున మనం వేసుకున్న డబ్బు. ఇందులో ఆటో నడిపేవాళ్లున్నారు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లున్నారు. మన పిల్లల్లోనే ముగ్గురి పేర్లు కుర్చీ కోసం రాసి ఉన్నాయి. వాళ్లను దాటి బయటివాళ్లకు ఎలా ఇస్తాం? ఆ కుటుంబానికి యూఎన్ కార్డు ఉంటుంది కదా, యూఎన్ వాళ్లనే అడగమనండి.

మా పాపకు సదరం సర్టిఫికెట్ కోసం మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి డాక్టర్ రాలేదు. రెండోసారి మిషన్ పాడైందన్నారు. ఎండలో పాపను భుజాన వేసుకుని నిలబడ్డాను, అప్పటికే 22 కిలోలు. అన్నీ అయి పెన్షన్ చేతికి రావడానికి 19 నెలలు పట్టింది. సొంత దేశంలో, అన్ని కాగితాలూ ఉండి. అప్పుడు నా కోసం ఎవరూ సమావేశం పెట్టలేదు.

నిజాంపేట్ అమ్మ
ఇస్తే ఇవ్వండి, కానీ తిరిగిచ్చే షరతు మీద. పిల్లలు రెండేళ్లలో ఎదిగిపోతారు, కుర్చీ సరిపోదు. 3,000 డిపాజిట్ తీసుకోవాలి. పోయినసారి ఇచ్చిన వాకర్ ఇప్పటికీ తిరిగి రాలేదు.

బోయినపల్లి ఫిజియో
@మల్కాజ్‌గిరి నాన్న, యూఎన్ కార్డు మీద చాలామందికి ఉన్న భ్రమే మీకూ ఉంది. వీళ్లు శరణార్థులని యూఎన్‌హెచ్‌సీఆర్, అంటే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, గుర్తించినట్టు అది ఒక పత్రం, అంతే. చూపిస్తే డబ్బిచ్చే పాస్‌బుక్ కాదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ మనకు లేదు. కాబట్టి ఆ కార్డుకు మన ప్రభుత్వ పథకం ఏదీ ముడిపడి లేదు.

ఇక మన పిల్లలకు అందేవి చూడండి. సదరం అయినా, ఇప్పుడొచ్చిన యూడీఐడీ (దేశమంతా చెల్లే వికలత్వ గుర్తింపు కార్డు) అయినా ఆధార్ లేనిదే కదలదు. ఆ సర్టిఫికెట్ లేకపోతే 4,016 పెన్షన్ లేదు, బస్ పాస్ లేదు, రైలు రాయితీ లేదు. రేషన్ కార్డు లేదు గనక ఆరోగ్యశ్రీ లేదు. ఫిట్స్ సిరప్ వాళ్లు సీసా సీసాకూ డబ్బు పెట్టి కొంటారు. చిత్తు ఏరిన డబ్బు. పోయిన నెల నాలుగు రోజులు సిరప్ అయిపోయింది, ఐదో రోజు బాబుకు వరసగా మూర్ఛలు. మీరు 19 నెలలు తిరిగారు, ఆ కష్టం నాకు తెలుసు. వాళ్లు నిలబడటానికి అసలు లైనే లేదు.

చిన్నోడి అమ్మ
ఫిజియో మేడంతో వెళ్లిన ఇద్దరిలో నేనొకదాన్ని. నిజమే చెప్తున్నారు.

నిజాంపేట్ అమ్మ
డిపాజిట్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

కంచరపాలెం
మాది విశాఖ. నేను హైదరాబాద్ వచ్చి పన్నెండేళ్లు. బర్మా అన్న మాట వినగానే రాయాలనిపించింది. 1962లో అక్కడి సైన్యాధిపతి నే విన్ గద్దెక్కాక, కొట్లూ వ్యాపారాలూ జాతీయం చేసేశాక మనవాళ్లు అక్కణ్నించి లక్షల్లో వచ్చేశారు. మా నానమ్మ ఓడలో వచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు ఎక్కడంటే ఇప్పటికీ ఎవరైనా చూపిస్తారు. నానమ్మ తమ్ముడికి పుట్టుకతోనే కాళ్లు లేవవు. రంగూన్‌లో ఉన్న మూడు చక్రాల బండి ఓడెక్కనివ్వలేదట. క్యాంపులో పక్క వరసలో ఉండే వడ్రంగి ఒకాయన చెక్కపెట్టె కింద నాలుగు బేరింగులు బిగించి బండి చేసిచ్చాడు. ఆయనకి మావాళ్లు చుట్టాలు కాదు, కులం కాదు, మూడు నెలల పరిచయం. నానమ్మ తమ్ముడు ఆ బండి మీదే వీధిలోకెళ్లి బీడీలు అమ్మాడు. అడిగితే ఆ వడ్రంగి పేరు నానమ్మ చనిపోయే ముందు కూడా చెప్పేది.

నేను 500 విడిగా ఇస్తాను. నిధి సంగతి మీరు తేల్చుకోండి.

మల్కాజ్‌గిరి నాన్న
మీ నానమ్మ గారి మీద గౌరవంతోనే చెప్తున్నా. ఆవిడ సొంత దేశానికి తిరిగొచ్చారు. సర్కారు వాళ్లకు పునరావాసం కల్పించింది. ఇదీ అదీ ఒకటి కాదు. 2021లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది కదా, పద్ధతి ప్రకారం రోహింగ్యాలను వెనక్కి పంపొచ్చని. రేపు వాళ్లను పంపించేస్తే మన 16,000 ఏమైనట్టు?

కంచరపాలెం
నానమ్మ పుట్టింది రంగూన్‌లో. ఓడ దిగేదాకా ఈ నేల చూడలేదు. ఇంట్లో మాట్లాడే తెలుగొక్కటే ఇక్కడిది. మీరు సొంతమన్నది ఆవిడకి తర్వాత అయింది.

నల్లకోటు
రెండు మాటలు చెప్పి ఊరుకుంటా. 2021 నాటి ఉత్తర్వులోనే రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు) అధికరణాల రక్షణ పౌరులు కానివాళ్లకూ ఉంటుందని కోర్టు రాసింది. పంపించే విషయంలో మాత్రం మీరన్నట్టే చెప్పింది. రెండూ ఒకే కాగితంలో ఉన్నాయి, ఒకటే చదివితే ఎలా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ‘వికలత్వం ఉన్న వ్యక్తి’ అంటుంది, ‘పౌరుడు’ అని నిర్వచించలేదు. అందులో 8వ సెక్షన్ యుద్ధం, విపత్తు లాంటి పరిస్థితుల్లో రక్షణ గురించే. బడి విషయమూ అంతే. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడికి వెళ్లి చేర్చుకోమని అడగొచ్చు, కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చు అంది. బాబుకు ఆరేళ్లు నిండాయి. వికలత్వం ఉన్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రంలో అడిగారా?

బోయినపల్లి ఫిజియో
ఒక చోట అడిగాం. ఆధార్ నంబర్ లేకుండా కంప్యూటర్‌లో పేరు ఎక్కదన్నారు. ఊరికే తీసుకురండి, ఖాళీగా ఉంటే చూస్తామన్నారు. వాళ్లమ్మ ఒక్కతే ఎక్కడికీ వెళ్లదు, కాగితాలు అడుగుతారని భయం. మేం తోడు వెళ్లిన రోజే బాబు గుమ్మం దాటుతాడు.

సికింద్రాబాద్ బాబాయ్
చట్టాలు ఎందుకండీ మధ్యలో. అడిగింది ఒక కుర్చీ.

మల్కాజ్‌గిరి నాన్న
అందరూ నన్ను రాక్షసుణ్ని చేస్తున్నారు. నా ప్రశ్న ఒక్కటే, దానికి జవాబు లేదు. పేర్లు రాయించుకున్న ఆ ముగ్గురి సంగతేంటి?

బోయినపల్లి ఫిజియో
జవాబు ఉంది. ఆ ముగ్గురికీ సర్టిఫికెట్ ఉంది, ఉచిత ఉపకరణాల శిబిరానికి దరఖాస్తు పెట్టాం. ఆలస్యమవుతుంది, కానీ దారి ఉంది. ఈ బాబుకు ఆ దారి లేదు. అయినా ప్రతి పోస్టులో అదే అడ్డు పెడుతున్నారు. ఒక బిడ్డను పెంచుతున్న తండ్రి మనసు ఇంత ఇరుగ్గా ఉంటుందని అనుకోలేదు.

మల్కాజ్‌గిరి నాన్న
ఇరుకు మనసా. సరే మేడం, ఇన్నాళ్లూ చెప్పనిది చెప్తాను.

పోయిన ఏడాది మా ఆవిడకు గర్భసంచి ఆపరేషన్. ఈ గ్రూపులోనే అడిగాను, రెండు రోజులు పగటిపూట ఎవరైనా ఒక ఆడమనిషి వచ్చి మా పాప దగ్గర కూర్చోగలరా అని. డబ్బు అడగలేదు. కుర్చీ అడగలేదు. పదకొండు మంది దండం బొమ్మలు పెట్టారు. ‘అంతా మంచే జరుగుతుంది’ అన్నారు. ఒక్కరు రాలేదు. పాపకు పద్నాలుగేళ్లు. ఆ రెండు రోజులే దానికి నెలసరి. నేనే మార్చాను, నేనే స్నానం చేయించాను. దానికి మాట రాదు కానీ అన్నీ తెలుసు. మొహం గోడ వైపు తిప్పేసుకుంది. నీళ్లు పోసినంతసేపూ ఇటు తిరగలేదు. తర్వాత వారం రోజులు నా చేత్తో అన్నం తినలేదు.

బోయినపల్లికి బాలాపూర్ ఎంత దూరమో అందరికీ తెలుసు. మల్కాజ్‌గిరి మీకు పక్కనే. పన్నెండు ఆదివారాలు మా ఇంటి మీదుగా వెళ్లారు మీరు.

చిన్నోడి అమ్మ
ఆ దండం పెట్టినవాళ్లలో నేనున్నా అన్నా. మావాణ్ని ఎవరి దగ్గర వదలాలో తెలియక రాలేకపోయా. ఆ మాటైనా చెప్పాల్సింది.

వరంగల్ అన్న
మాకు దూరమైంది అన్నా. లేకుంటే నా భార్య వచ్చేది.

బోయినపల్లి ఫిజియో
రాత్రంతా ఆలోచించి రాస్తున్నా. ఇరుకు మనసు అన్నది నా తప్పు, క్షమించండి. మీ మెసేజ్ అప్పుడు చూశాను. ఎవరో ఒకరు వెళ్తారనుకున్నాను. అందరం అదే అనుకున్నట్టున్నాం.

కానీ మీరు అడిగిందీ నేను అడిగిందీ వేర్వేరని ఇప్పుడే అర్థమవుతోంది. బాలాపూర్‌లో నేను చూసింది ఒకటి చెప్తాను. ఆ తల్లి చిత్తు వేరు చేసే పనికి పోయినప్పుడు బాబు ఒక్కడే ఉండడు. ఎదురు గుడిసె ముసలమ్మ ఉంటుంది, ఆమె లేస్తే పక్క గుడిసెలో పదేళ్ల పిల్ల వచ్చి తల పట్టుకుంటుంది. ఎవరూ ఎవరినీ పిలవరు. మూర్ఛ వస్తే పక్కకు తిప్పాలని ఆ వరసలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అక్కడ లేనిది కుర్చీ, మందు, కాగితం. మన సంఘం నాలుగేళ్లలో కుర్చీలిచ్చింది, వాకర్లిచ్చింది. ఒక ఇంట్లో ఒక పూట కూర్చోవడానికి మనిషిని ఎప్పుడైనా పంపామా? నాకు గుర్తు లేదు.

అయినా కుర్చీ మాట వెనక్కి తీసుకోను. మీకు జరిగిన దానికి ఆ బాబు కారణం కాదు.

మల్కాజ్‌గిరి నాన్న
బాబు కారణమని నేనెప్పుడూ అనలేదు. కారణం మనం.

సికింద్రాబాద్ బాబాయ్
ఎవరెవరు ఏ ప్రాంతంలో ఉన్నారో ఒక జాబితా రాయండి. మల్కాజ్‌గిరి, అల్వాల్, నేరేడ్‌మెట్ వైపు నేనూ మా ఆవిడా ఉన్నాం. ఆవిడ రిటైర్డ్ నర్సు. పగలు ఏ రోజైనా సరే.

చిన్నోడి అమ్మ
మౌలాలి. శని, ఆదివారాలు. మావాణ్ని తీసుకునే వస్తా, ఫరవాలేదంటే.

నిజాంపేట్ అమ్మ
జాబితా మంచిదే. కానీ డిపాజిట్ తీసుకుంటున్నామా లేదా? నేను అడుగుతున్నది పిసినారితనంతో కాదు. పోయిన వాకర్ మా అబ్బాయికి రావాల్సింది.

నిర్వాహకులు
ఆ వాకర్ సంగతి మాకు తెలియదమ్మా. కనుక్కుంటాం. కుర్చీ తిరిగిచ్చే షరతు పెడదాం, డిపాజిట్ వద్దు. ఓటు ఆదివారం రాత్రి దాకా. ఇప్పటికి ఇద్దామన్నవాళ్లు పద్నాలుగు, వద్దన్నవాళ్లు ఐదు.

మల్కాజ్‌గిరి నాన్న
నా ఓటు ‘వద్దు’లోనే ఉంచండి. నిధి సభ్యుల పిల్లలకన్న నియమం మనమే రాసుకున్నాం. మార్చాలంటే ముందు నియమం మార్చి తర్వాత ఇవ్వండి, మొహమాటానికి కాదు.

ఫిజియో మేడం, ఒక్క మాట. కుర్చీకి కొలతలు తీసుకునే ముందు బాబుకు తుంటి ఎక్స్‌రే తీయించారా? మా పాపకు తీయించకుండానే కుర్చీ చేయించాం. ఎడమ తుంటి కీలు అప్పటికే జారి ఉంది, మాకు తెలియదు. కూర్చోబెట్టిన ప్రతిసారీ ఏడ్చేది, మొండికేస్తోందని బెల్టు ఇంకా బిగించాను. ఎనిమిది నెలలు.

బోయినపల్లి ఫిజియో
తీయించలేదు. కాళ్లు విడదీస్తే కుడివైపు తక్కువ వెళ్తోంది, బిగువు వల్లే అనుకున్నా. నాకు తట్టాల్సింది. గురువారం తీసుకెళ్తాం. వాళ్లమ్మకు తోడు ఇంకొకరు కావాలి, బాబును ఎత్తుకోవడానికి.

మల్కాజ్‌గిరి నాన్న
ఎన్నింటికి?