సన్న బ్యారెల్‌కి సప్రెసర్ థ్రెడ్ పడుతుందా?

కాంటర్‌బరీ_పాడి: అన్నలూ, న్యూజీలాండ్‌లో డెయిరీ ఫామ్‌లో పని చేస్తున్నా, ఫైర్‌ఆర్మ్స్ లైసెన్స్ ఉంది. గడ్డి మొత్తం కుందేళ్లు తినేస్తున్నాయని ఓనర్ గారు కాల్చమంటారు, కానీ పాయింట్ టూటూ రైఫిల్ పేలగానే పక్క షెడ్డులో దూడలు బెదిరిపోతున్నాయి. ఇక్కడ సప్రెసర్‌కి (చప్పుడు తగ్గించే గొట్టం, అదే సైలెన్సర్) వేరే పర్మిట్ అక్కర్లేదు కదా, కొందామంటే నాది పాత రైఫిల్, బ్యారెల్ కొనకి థ్రెడ్ (మర) లేదు. వెర్నియర్ పెట్టి చూస్తే కొన దగ్గర 13.2 మిల్లీమీటర్లే. షాపులో అరంగుళం, 28 టీపీఐ (అంగుళానికి 28 మరలు) థ్రెడ్ అంటున్నారు. డై (చేత్తో మర కోసే పనిముట్టు) కొనుక్కుని నేనే తిప్పేయొచ్చా?

లేత్_మాస్టర్: తమ్ముడూ, డై జోలికి మాత్రం పోవద్దు. నేను బాలానగర్‌లో పదకొండేళ్లు లేత్ మీద చేసి ఇక్కడికొచ్చా, చేత్తో తిప్పిన డై ఎంత జాగ్రత్తగా పట్టినా ఓ పక్కకి లాగుతుంది. మామూలు పైపుకైతే ఫర్వాలేదు, ఇక్కడ బుల్లెట్ సప్రెసర్ లోపలి బ్యాఫిళ్ల (అడ్డు పలకల) మధ్య నుంచి సన్న సందులో పోవాలి, థ్రెడ్ కాస్త వంకరపోయినా వాటికి తగులుతుంది. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే చేసుకుంటే మూడో గుండుకే ముందు మూత చీలింది, దేవుడి దయవల్ల పక్కన ఎవరూ లేరు. ఇంకోటి, పాత బ్యారెల్‌లో లోపలి బోరు (బుల్లెట్ పోయే రంధ్రం) బయటి గుండ్రానికి సరిగ్గా నడిమధ్యలో ఉంటుందన్న గ్యారంటీ లేదు, అందుకే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) బోరుకే డయల్ గేజ్ పెట్టి సెంటర్ చేస్తాడు.

నీ లెక్క చూద్దాం. అరంగుళమంటే 12.7. నీ 13.2లోంచి అది తీసేస్తే చుట్టూ మిగిలే షోల్డర్ (మర వెనక మెట్టు) పావు మిల్లీమీటర్. సప్రెసర్ నిటారుగా కూర్చునేది ఆ షోల్డర్ మీదే, థ్రెడ్ బిగించి పట్టుకుంటుందంతే. గోడ మందం గురించి భయపడకు, థ్రెడ్ అడుగున కూడా దాదాపు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. నీకు తక్కువైంది షోల్డరే.

నెల్లూరు_టు_ఆక్లాండ్: మాస్టర్ గారు చెప్పింది కరెక్ట్. బ్యారెల్ వెనక్కి పోయేకొద్దీ లావవుతుంది కదా, ఎక్కడ 14 దాటుతుందో చూడు బ్రో, అక్కడికి కోయించి క్రౌన్ (బ్యారెల్ మూతి అంచు) కొత్తగా తీయించుకోవచ్చు. టూటూకి 16 అంగుళాల బ్యారెల్ దాటాక స్పీడ్ పెద్దగా పెరగదు, ఏం పోదు. కాకపోతే రైఫిల్ మొత్తం పొడవు 762 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు, తగ్గితే ఇక్కడ చట్టం పిస్టల్ లెక్కన చూస్తుంది. సప్రెసర్ తేలికైంది తీసుకో, సన్న బ్యారెల్ చివర బరువు వేలాడితే గురి మారిపోతుంది, పెట్టాక జీరో (గురి సరిచేయడం) మళ్లీ చేసుకో. సబ్‌సోనిక్ (శబ్దవేగం దాటని) గుళ్లు కూడా వాడు, మామూలు వాటికి బుల్లెట్ శబ్దవేగం దాటిన చప్పుడు ఎలాగూ వస్తుంది, దాన్ని ఏ సప్రెసరూ ఆపలేదు.

గుంటూరు_కుర్రాడు: అన్నా, మన ఊళ్లో లేత్ షాపులో చేస్తారా?

లేత్_మాస్టర్: వద్దు నాన్నా, అడగను కూడా అడగొద్దు. ఇండియాలో సైలెన్సర్ ఆయుధాల చట్టం కింద నిషేధ జాబితాలో ఉంది, తుపాకీ లైసెన్స్ ఉన్నవాళ్లకైనా అంతే.

కాంటర్‌బరీ_పాడి: మాస్టర్ గారూ, మళ్లీ కొలిచా. కొన నుంచి నాలుగంగుళాలు వెనక్కొస్తే 14.3 ఉంది, కోశాక కూడా బ్యారెల్ 18 అంగుళాలు, మొత్తం పొడవు 900 పైనే. డై ఆర్డర్ క్యాన్సిల్ చేశా, శనివారం పాలు పితకడం అవ్వగానే డీలర్ లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తున్నా.