పారుడు రోగం టీకా: సీసాల మిగిలింది రేపటికి పనికొస్తదా?

పాలమూరు మంద: అన్నలూ, దేవరకద్ర దిక్కు మాది అరవై గొర్రెల మంద. పీపీఆర్, అదే పారుడు రోగం టీకా సీసా వంద డోసులది దొరికింది. జీవానికి ఒక మిల్లీ ఏస్తే నలభై మిగుల్తయి. మా బావమరిది మంద మేతకు పోయింది, రేపు పొద్దుగూకితే గాని రాదు. కలిపిన మందు ఫ్రిజ్‌ల పెట్టి వాళ్లకు ఏయొచ్చా? ఇంకోటి, బక్రీదుకు అమ్మే పొట్టేళ్లల్ల రెంటికి దగ్గు, ముక్కుల చీమిడి. షాపాయన లాంగ్ యాక్టింగ్ టెట్రాసైక్లిన్ అని, ఒంట్ల చాన రోజులుండే యాంటీబయాటిక్ సూది ఇస్తనంటుండు. పండుగ మూడు వారాలు కూడ లేదు.

పాత కాంపౌండర్: ఫ్రిజ్‌లో పెట్టినా లాభం లేదు తమ్ముడూ. అది బలహీనం చేసిన బతికున్న వైరస్. పొడిగా ఉన్నన్నాళ్లూ చల్లదనంలో నిలుస్తుంది. ద్రావణం కలిపాక ఐసు మీద ఉంచి గంటా రెండు గంటల్లో వేసేయాలి. రేపు వేస్తే నీ బావమరిది జీవాలకు టీకా పడినట్టు కాదు, ఆయన మాత్రం పడిందనుకుని నిశ్చింతగా ఉంటాడు.

అసలు ఆ దగ్గు చూడకుండా సీసా మూత తీయకు. జ్వరం, నోట్లో పుండ్లు, పారుడు ఉన్నాయా? ఉంటే అది పీపీఆరే కావచ్చు. ఒకే సూదితో మందంతా పొడిస్తే రోగాన్ని నువ్వే పంచినట్టు. పశువైద్యం నంబరు 1962కి ఫోన్ చెయ్యి. డాక్టరు సరేనన్నాక ఒకే పొద్దున రెండు మందలకూ వేయించు, ముందు బావమరిది మందకే. సిరంజి స్పిరిట్‌తో కడగొద్దు, టీకా చచ్చిపోతుంది. మరిగించి చల్లార్చితే చాలు.

మేకల రమణమ్మ, కదిరి: ఆ టెట్రాసైక్లిన్ సూది ఏస్తే పొట్టేలు ఈ పండక్కి అమ్మేది కాదు నాయనా. మాంసానికి ఎన్నాళ్లు ఆగల్లో సీసా మీద ఉంటాది. రాయకుంటే మాంసానికి 28 రోజులు, పాలకు 7 రోజులని 2012లోనే రూలు పెట్టినారు. మేమైతే మందు పడిన జీవం కొమ్ముకు ఎర్ర పెయింటు గీస్తాం. గీత ఉన్నది సంతకు పోదు. మా ఇంటాయన లెక్కల పుస్తకం కంటే అదే నమ్మకం.

పాలమూరు మంద: ఫోన్ చేసిన, డాక్టరు రేపొస్తడంట. రెంటినీ పాత కొట్టంల ఏరే కట్టేసిన, సీసా ముట్టలేదు. బేరగాడేమో అడ్వాన్సు తిరిగియ్యమని కూసున్నడు. అక్కా, ఒకదానికి కొమ్ములే లేవు, రంగు ఏడ పుయ్యాలె?

మేకల రమణమ్మ, కదిరి: నెత్తిన పుయ్యి. వాన పడితే మళ్లా పుయ్యి.