అమ్మని చేర్చే ముందు కేర్ హోమ్‌లో ఏం చూడాలి? (విజయవాడ, గుంటూరు)

కృష్ణలంక వాసి

అందరికీ నమస్కారం. అమ్మకి 74 ఏళ్లు. ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపించారు. మాట వస్తోంది, మనుషుల్ని గుర్తుపడుతోంది. కానీ లేపి కూర్చోబెట్టాలంటే ఇద్దరు కావాలి. షుగర్ ఉంది, రెండు పూటలా ఇన్సులిన్. నేను బెంగళూరులో ఉద్యోగం, అక్కది గుంటూరు, తనకి నడుం నొప్పి. ఇంట్లో పెట్టిన ఆయాలు నెల తిరక్కుండానే మానేస్తున్నారు.

రెండు చోట్లు చూసొచ్చాం. ఒకటి పోరంకి వైపు కొత్త బిల్డింగ్. లిఫ్టు, ఏసీ, చిన్న పార్కు. నెలకి 34 వేలు, లక్ష డిపాజిట్. మేనేజర్ మమ్మల్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీవీలో ముగ్గుల పోటీలు, పుట్టినరోజు కేకుల వీడియో చూపించాడు. రెండోది గుంటూరులో, అమరావతి రోడ్డు నుంచి లోపలికి వెళ్తే పాత డాబా ఇల్లు. 24 వేలు. గోడలకి పెచ్చులు ఊడుతున్నాయి. అక్కకి మొదటిది నచ్చింది. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను, గూగుల్‌లో చూస్తే రెండింటికీ ఐదు స్టార్లే. లోపల ఎలా చూసుకుంటారో బయటివాళ్లకి తెలిసేదెలా?

‘కన్నతల్లిని ఆశ్రమంలో పడేస్తావా’ అనేవాళ్లు ఈసారికి వదిలేయండి. ఆ క్లాసు చుట్టాల దగ్గర అయిపోయింది.

రిటైర్డ్ సిస్టర్, గుంటూరు

బాబూ, నేను గవర్నమెంట్ ఆసుపత్రిలో మెడికల్ వార్డు, ఆర్థో వార్డు చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ తెలిసినవాళ్లు ఇలాంటి చోట్లకి నన్ను వెంటబెట్టుకెళ్తుంటారు. నేను ఆఫీసు గదిలో అస్సలు కూర్చోను. మంచం పట్టినవాళ్లు ఏ గదిలో ఉన్నారో అడిగి నేరుగా అక్కడికే వెళ్తాను. నడవగలిగినవాళ్లకి నోరుంటుంది, వాళ్లని ఎక్కడైనా ఓ మాదిరిగా చూస్తారు. లేవలేనివాళ్ల సంగతే మీరు చూసుకోవాలి.

అక్కడున్న పెద్దమ్మకో పెద్దాయనకో దణ్ణం పెట్టి, వాళ్లు సరేనంటే దుప్పటి కాస్త జరిపి మడమలు చూడండి. పుండు మొదలయ్యేది ముందు అక్కడా, నడుం కింద ఎముక దగ్గరా, తుంటి పక్కనా. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైందన్నమాటే. ఒళ్లు నల్లగా ఉన్నవాళ్లలో ఎరుపు కనపడదు, ఆ చోటు పక్క చర్మం కంటే వేడిగానో గట్టిగానో తగులుతుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమ పరుపుకి ఆనకుండా ఉంచారంటే అక్కడ పని తెలిసినవాళ్లు ఎవరో ఉన్నారని లెక్క. పది రూపాయల ఖర్చు లేని పని, చెయ్యాలన్న ధ్యాస ఉండాలంతే.

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. మంచానికి చార్టు తగిలిస్తారు, దాన్ని చూసి మురిసిపోకండి. మీరు సాయంత్రం ఆరున్నరకి వెళ్తే, ఎనిమిదింటి గడిలో అప్పుడే సంతకం ఉందేమో చూడండి. తెల్లారి ఆరింటి దాకా ఒకేసారి నింపేసి పెన్ను జేబులో పెట్టుకునేవాళ్లని నేను కళ్లారా చూశాను. ‘ఎయిర్ బెడ్ ఉందండీ, తిప్పక్కర్లేదు’ అంటే నమ్మకండి, ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పాల్సిందే. దాని మోటారు నడుస్తోందో లేదో చెయ్యి పెట్టి చూడండి. ఫోన్ ఛార్జింగ్ కోసం ప్లగ్గు పీకేసిన చోట్లున్నాయి.

మీ అమ్మగారికి ఎడమ పక్క పడిపోయిందన్నారు. అలాంటివాళ్లు అక్కడ ఇంకెవరైనా ఉంటే, నీళ్ల గ్లాసు, పిలిచే బెల్లు ఏ పక్కన పెట్టారో చూడండి. పనిచేసే చేతి పక్కన పెడితే తాగుతారు. పడిపోయిన పక్కన పెడితే గ్లాసు రోజంతా నిండుగానే ఉంటుంది, ‘మామ్మగారు నీళ్లు తాగరండీ’ అని వీళ్లు చెప్తారు. మన ఎండల్లో అలా రెండు రోజులు గడిస్తే మూత్రం ముదురు రంగులోకి తిరుగుతుంది, మనిషి తికమకగా మాట్లాడుతుంది. దాన్ని మతిమరుపు ఖాతాలో రాసేస్తారు.

భోజనం వేళ తప్పకుండా ఉండండి. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టం, పొలమారితే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద దిగాక ఇంకో ముద్ద పెట్టాలి. తిన్న తర్వాత కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. ఇలా పెట్టడానికి ఒక్కో మనిషికి అరగంట పైనే పడుతుంది. అంత ఓపిక లేనిచోట ముక్కులోంచి పైపు వేయించమని మిమ్మల్నే తొందరపెడతారు. పైపు అవసరమైనవాళ్లు ఉంటారు, కాదనను. అది డాక్టరు మింగడం పరీక్షించి చెప్పాలి కానీ ఆయాకి టైమ్ లేదని కాదు.

ఇంకొకటి. సాయంత్రం నాలుగైదింటికి వెళ్లినప్పుడు కూడా అందరూ మత్తుగా తూగుతుంటే అనుమానించండి. రాత్రి గోల చెయ్యకుండా మాత్రలు వేసి పడుకోబెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మందుల షీటు అడగండి, ప్రతి మాత్రా ఎవరు రాశారో, ఎందుకో చెప్పగలగాలి.

బ్రాడీపేట 4వ లైను

సిస్టర్ గారు చెప్పినవన్నీ నిజమే. మా మామగారు రెండేళ్లు ఇలాంటి ఒకచోట ఉన్నారు కాబట్టి నా రెండు ముక్కలు. పగలు ఎంత చూసినా మీకు తెలిసేది సగమే. రాత్రి ఎంతమందికి ఎంతమంది ఉంటారో అడగండి. మేనేజర్ని కాదు, ఆయాని. ‘నువ్విక్కడ ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావమ్మా, రాత్రి డ్యూటీలో తోడెవరు’ అంటే దాచకుండా చెప్తారు. మా దగ్గర పగలు నలుగురు తిరిగేవాళ్లు, రాత్రి పై అంతస్తుకీ కింది అంతస్తుకీ కలిపి ఒకే ఒక్క అమ్మాయి. ఆ అమ్మాయి తప్పేం లేదు పాపం, ఎక్కడికని పరిగెడుతుంది.

చూడ్డానికి సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకే రావాలనేచోట జాగ్రత్త. ఇన్ఫెక్షన్ అంటారు, రెస్ట్ అంటారు. ఆ రెండు గంటల్లో స్నానాలు, పౌడర్లు, ఉతికిన చీరలు అన్నీ తయారుగా ఉంటాయి.

కరెంటు సంగతి కూడా చూడండి. జనరేటర్ ఉందంటారు, అది లిఫ్టుకీ ఆఫీసుకీ మాత్రమేనా, పడకల దగ్గర ఫ్యాన్లకి కూడానా? రోహిణీ కార్తెలో ఒక రాత్రి ఫ్యాన్ లేకపోతే పెద్దవాళ్లు తట్టుకోలేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మునిగినప్పుడు జనం మిద్దెలెక్కి పడవల కోసం ఎదురుచూశారు. మంచంలో ఉన్న మనిషి మిద్దె ఎక్కలేడు కదా. వాళ్ల దగ్గర స్ట్రెచర్ ఉందా, మెట్ల మీంచి దింపడానికి మనుషులున్నారా అని అడగడం చాదస్తం కాదు.

ఒక్కచోట సిస్టర్ గారితో కాస్త తేడా. ఆవిడ వాసన సంగతి ఎత్తలేదు, నేనైతే గుమ్మంలోనే ముక్కుతో చూస్తాను. మూత్రం వాసన వస్తే వెనక్కి తిరగడమే.

రిటైర్డ్ సిస్టర్, గుంటూరు

కావాలనే ఎత్తలేదండీ. డైపర్ మార్చే వేళకి వెళ్తే ఎంత మంచిచోటైనా వాసన ఉంటుంది, అరగంటలో పోవాలి. నాకు అంతకంటే అనుమానం ఫినాయిల్ ఘాటు కొట్టేచోట. పరుపు కవరు జిప్పు తీసి చూడండి, అసలు సంగతి అక్కడుంటుంది.

మాచవరం డౌన్

కాగితాల విషయం ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను, నాది ఆఫీసు బుర్ర. వృద్ధాశ్రమం వేరు, వైద్యం చేసేచోటు వేరు. నర్సింగ్, డ్రిప్పులు, ఐసీయూ లాంటి బెడ్లు అని బోర్డు మీద రాసుకున్నారంటే, మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థల మీద 2002లో వచ్చిన చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపించమనండి. అనుమానముంటే జిల్లా వైద్యారోగ్య శాఖ అధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో అడగొచ్చు.

అగ్రిమెంట్ ఇంటికి తెచ్చుకుని చదవండి. డిపాజిట్ ఎన్నాళ్లలో తిరిగిస్తారు, నెల మధ్యలో తీసుకెళ్తే మిగతా డబ్బు ఏమవుతుంది, డైపర్లు, మందులు, అంబులెన్సు నెల ఫీజులోనేనా, వేరేగానా? మాకు తెలిసినవాళ్లకి 28 వేలు అని చెప్పి, చివరికి నెలకి 40 దాటేది. ఎమర్జెన్సీలో ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో కూడా రాయించండి, లేకపోతే వాళ్లకి కమిషన్ వచ్చేచోటికి పోతుంది బండి.

సీనియర్ సిటిజన్ల కోసం 14567 అని టోల్ ఫ్రీ నంబరుంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా తీస్తారు. సరిగ్గా చూసుకోకపోయినా, ఇబ్బంది పెట్టినా అక్కడ చెప్పుకోవచ్చు. అమ్మగారి ఫోన్‌లో కూడా సేవ్ చేసిపెట్టండి.

కృష్ణలంక వాసి

అందరికీ థ్యాంక్స్. ఈ శనివారం చెప్పకుండా వెళ్లొచ్చాను, అక్క కూడా వచ్చింది.

పోరంకి దాంట్లో చార్టులు సరిగ్గానే ఉన్నాయి, ముందే నింపి పెట్టలేదు. సర్టిఫికెట్ గోడకే ఉంది. కానీ పై అంతస్తుకి వెళ్తామంటే మేనేజర్ వచ్చేదాకా ఆగమన్నారు. ఆగాం. ఈలోగా అక్క ఒకామెని మాటల్లో పెడితే, రాత్రి రెండు అంతస్తులకి ఇద్దరని, అందులో ఒకళ్లు ఎప్పుడూ సెలవేనని చెప్పింది. పైకి వెళ్లాక ఒక పెద్దాయన యూరిన్ బ్యాగ్ నేల మీద పడి ఉంది. అక్క అదేంటని అడిగితే మేనేజర్ కాలితో మంచం కిందకి నెట్టాడు. అక్కడితో అక్కకి ఆ బిల్డింగ్ మీద మోజు పోయింది.

గుంటూరు దాంట్లో చార్టులు అసలు లేవు, నోటుబుక్కులో రాస్తున్నారు, అదీ రోజుకి రెండు లైన్లు. కానీ మడమలు చూశాను, పిక్కల కింద మడిచిన దుప్పటి ఉంది. ఒకామె ఒక మామ్మగారికి పెరుగన్నం పెడుతోంది. మేం వెళ్లినప్పుడు మొదలుపెట్టింది, ఇల్లంతా తిరిగొచ్చేసరికి ఇంకా పెడుతూనే ఉంది, ‘మింగారా, నోరు చూపించండి’ అంటూ. ఇబ్బందేంటంటే రాత్రి ఎనిమిది తర్వాత నర్సు ఉండదు, ఆయాలే. అమ్మకి రాత్రి ఇన్సులిన్ ఎలా?

రిటైర్డ్ సిస్టర్, గుంటూరు

రాత్రి భోజనం ఏడింటికి పెట్టి, దానికి ముందే ఇన్సులిన్ నర్సు చేత వేయించే ఏర్పాటు కుదురుతుందేమో మీ షుగర్ డాక్టర్ని అడగండి. చాలామందికి అలా కుదురుస్తారు. వేసేముందు షుగర్ చూడాలి, వేశాక అన్నం తినాలి, ఈ రెంటిలో ఏది తప్పినా ప్రమాదమే. ‘అన్నం వద్దంది, ఇంజెక్షన్ మాత్రం వేసేశాం’ అనేవాళ్లకి అమ్మని అప్పజెప్పకండి. షుగర్ 70 కంటే తగ్గితే ఏం చెయ్యాలో రాత్రి ఉండే ఆయాని మీరే అడగండి. ‘చక్కెర నీళ్లు పట్టి సార్‌కి ఫోన్ చేస్తా’ అని తడుముకోకుండా చెప్తే సగం టెన్షన్ తీరినట్టే. మత్తులో ఉండి మింగలేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, 108కి చెయ్యాలి. అది కూడా తెలుసో లేదో చూడండి. గ్లూకోమీటరు మీరే కొనిచ్చి, స్ట్రిప్పులు ఎన్ని మిగిలాయో అక్కయ్యని అప్పుడప్పుడు లెక్క చూడమనండి. నోటుబుక్కులో రీడింగులు పెరిగి డబ్బాలో స్ట్రిప్పులు తగ్గకపోతే మీకే అర్థమవుతుంది.

చేర్చే రోజు వాళ్ల నర్సుని పక్కన పెట్టుకుని ఒళ్లంతా చూసి, ఎక్కడైనా పుండు, కమిలిన మచ్చ, వాపు ఉంటే తేదీతో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. బరువు కూడా రాయించండి, నెలనెలా చూడమనండి. 60 కిలోల మనిషి నెలలో మూడు కిలోలు తగ్గితే డాక్టరుకి చూపించాల్సిందే. నిలబెట్టలేని మనిషిని చూడ్డానికి కాటా లేదంటారు. అప్పుడు బరువుకి బదులు కుడి జబ్బ చుట్టుకొలత టేపుతో తీసి రాయమనండి.

కృష్ణలంక వాసి

సరేనండీ, సోమవారం డాక్టర్ని కలుస్తాను. ఇన్సులిన్ వేళ కుదిరితే గుంటూరులోనే, అక్కకి ఆటోలో పావుగంట. అక్క కొత్త టేపు కొనేసింది అప్పుడే.