3జీ (నిలువు) వెల్డింగ్‌లో క్యాపింగ్ వేస్తుంటే అండర్‌కట్ పోవడం లేదు

టెక్నికల్ కాలేజీలో వెల్డింగ్ నేర్చుకుంటున్నాను. ప్లేటు నిలబెట్టి కింది నుంచి పైకి వేసేటప్పుడు రూట్ (అడుగు పొర), ఫిల్లింగ్ (మధ్య పొరలు) బాగానే వస్తున్నాయి. క్యాపింగ్‌లో (చివరి పై పొరలో) మాత్రం రెండు అంచుల్లోనూ అండర్‌కట్ (వెల్డ్ పక్కన ప్లేటు కరిగి మిగిలే గాడి) పడుతోంది, మధ్యలో బీడ్ (వెల్డ్ వరస) ఉబ్బిపోతోంది.

10 మి.మీ. మైల్డ్ స్టీల్, 60 డిగ్రీల వీ గ్రూవ్. 3.15 మి.మీ. 7018 రకం వెల్డింగ్ రాడ్, ఓవెన్‌లోంచి తీసి వేడి మీదే వాడుతున్నాను. డీసీ, రాడ్ పాజిటివ్‌కి. మొదట 120 ఆంప్స్ పెట్టాను. 105కి తగ్గిస్తే అండర్‌కట్ కొంచెం తగ్గింది. 90కి దించితే రాడ్ అతుక్కుపోయింది, స్లాగ్ (రాడ్ పూత కరిగి ఏర్పడే మడ్డి) కూడా లోపలే ఉండిపోయింది. ఆర్క్ పొట్టిగానే పట్టుకుంటున్నాను, అంచుల దగ్గర ఒక సెకను ఆగుతున్నాను. రెండు వారాల్లో టెస్ట్, చాలా టెన్షన్‌గా ఉంది.

105లోనే ఉంచి అంచుల్లో ఇంకాసేపు ఆగాలా, లేక వీవింగ్ (రాడ్‌ని అటూ ఇటూ ఊపడం) మానేసి స్ట్రింగర్ బీడ్లు (ఊపకుండా నేరుగా వేసే సన్నని వరసలు) పక్కపక్కన వేయాలా?