అడవి పందికి .315 సాఫ్ట్ నోస్ చాలదా? .30-06కు మారాలా?

దేవరకొండ గట్టు

అందరికీ నమస్కారం. నేను అటవీ శాఖ జాబితాలో ఉన్న షూటర్‌ని. చందంపేట, డిండి వైపు ఊళ్లలో పందులు చేల మీద పడుతున్నాయని సర్పంచి కబురు చేస్తే, అనుమతి కాగితం చేతికి వచ్చాకే వెళ్తాను. నా రైఫిల్ .315, అంటే గొట్టం లోపలి వెడల్పు దాదాపు అన్ని అంగుళాలు, 8 మిల్లీమీటర్లు. అందులో వాడేది 244 గ్రెయిన్ల బుల్లెట్, అంటే 16 గ్రాములకు కాస్త తక్కువ. మొన దగ్గర సీసం బయటికి కనిపించే సాఫ్ట్ నోస్ రకం. మా దగ్గర దుకాణంలో దొరికేది కూడా అదొక్కటే.

పోయిన వారం ఒక వేరుశనగ చేనులో మగ పందిని కొట్టాను. దూరం నూరు మీటర్లకు పైచిలుకు. అది పక్కకు తిరిగి నిలబడి ఉంది, భుజం వెనుక గురిపెట్టాను. దెబ్బ తగిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. అయినా అది పడలేదు, తుప్పల్లోకి దూసుకుపోయింది. రాత్రంతా వెతికాం. తెల్లవారాక మూడు వందల మీటర్ల అవతల వాగు ఒడ్డున కనిపించింది. అప్పటికీ ప్రాణం పోలేదు. రెండో గుండుతో ముగించాను. ఆ జీవి అన్ని గంటలు నరకయాతన పడిందన్న బాధ నన్ను ఇంకా వదలడం లేదు.

బుల్లెట్ ఈ పక్క దూరి ఆ పక్కకు వెళ్లిపోయింది. బయటికి వచ్చిన రంధ్రంలో నా బొటనవేలు పట్టింది, అంతే. దాని మొన సరిగా విచ్చుకుని వెడల్పు కాలేదని నా అనుమానం. కాస్త సన్నని గుండును ఎక్కువ వేగంతో వదిలే .30-06 రైఫిల్‌కు దరఖాస్తు పెట్టమని ఒక మిత్రుడు అంటున్నాడు. బరువైన .315కు మించింది లేదని ఇంకొకరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

మాజీ జవాను, అచ్చంపేట

గట్టు గారూ, .30-06కు మారండి, మొన దాకా గట్టి రాగి తొడుగు ఉన్న బుల్లెట్ వాడండి. ముదిరిన మగ పంది భుజాల మీద అరచేతి మందాన గట్టి పొర ఉంటుంది, దాని మీద ఎండిన బురద. సాఫ్ట్ నోస్ అక్కడే నలిగిపోతుంది. నేను పద్దెనిమిదేళ్లు సైన్యంలో తొడుగు బుల్లెట్లే వాడాను. చెదరకుండా లోతుకు చీల్చుకుని పోతాయి.

పశువైద్యం, నల్లగొండ

జవాను గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. సైన్యం తొడుగు బుల్లెట్ వాడేది అది జంతువును బాగా చంపుతుందని కాదు. కోల్‌కతా దగ్గర డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890లలో మొన దగ్గర సీసం బయటపెట్టిన బుల్లెట్లు తయారుచేశారు. అవి ఒంట్లో విచ్చుకుని ఘోరమైన గాయాలు చేస్తున్నాయని 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో వాటిని నిషేధించింది. యుద్ధంలో ఏది కూడదన్నారో వేటలో అదే దయ. విచ్చుకునే బుల్లెట్ ఊపిరితిత్తులను చీల్చితే జంతువు కొన్ని సెకన్లలో స్పృహ తప్పుతుంది. తొడుగు బుల్లెట్ సన్నని రంధ్రం చేసి వెళ్లిపోతుంది. జంతువు గంటల తరబడి పరుగెత్తి ఎక్కడో చస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు జింక వేటకు తొడుగు బుల్లెట్‌ను అనుమతించకపోవడానికి కారణం ఇదే.

గట్టు గారూ, బుల్లెట్‌ను తప్పుపట్టే ముందు ఒక్క విషయం చెప్పండి. నెత్తుటి జాడ ఏ రంగులో ఉంది? నురగ ఉందా?

దేవరకొండ గట్టు

నురగ లేదు. ముదురు ఎరుపు, దాదాపు నలుపు. వాగు దగ్గర వేరుశనగ ఆకు మీద అంటిన చోట పచ్చగా, పసరు వాసన వచ్చింది.

పశువైద్యం, నల్లగొండ

అయితే మీ బుల్లెట్ ఊపిరితిత్తులను తాకనే లేదు. ఊపిరితిత్తుల నెత్తురు లేత ఎరుపుగా, బుడగలతో ఉంటుంది. నలుపు తిరిగినది కాలేయానిది. పసరు వాసన పొట్టది. కాలేయం, పొట్ట మెత్తని భాగాలు. ఎముక అడ్డం రానప్పుడు నెమ్మదిగా వెళ్లే బరువైన గుండు పెద్దగా విచ్చుకోకుండా అవతలికి పోవడం వింతేమీ కాదు. ఏ బుల్లెట్ వాడినా అక్కడ తగిలితే జంతువు వెంటనే పడదు.

డాలస్ తమ్ముడు (సొంతూరు నాగర్‌కర్నూల్)

డాక్టర్ గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. గట్టు అన్నా, భుజం వెనుక గురిపెట్టాలని మీకు ఎవరు నేర్పారు?

దేవరకొండ గట్టు

ఎవరూ నేర్పలేదు తమ్ముడూ. ఫోనులో చూసిన జింక వేట వీడియోలే నా గురువులు. అందరూ అక్కడే కొడతారు కదా.

డాలస్ తమ్ముడు

జింకకు అది సరైన చోటే అన్నా. టెక్సస్‌లో నవంబరు మొదటి శనివారం తెల్లతోక జింక వేట మొదలవుతుంది. లైసెన్సు కొనుక్కుని తొమ్మిదేళ్లుగా వెళ్తున్నాను. ఇక్కడ అడవి పందులు కూడా విపరీతం. జింకకు ఊపిరితిత్తులు ముంగాలి వెనుకకు కూడా బాగా విస్తరించి ఉంటాయి. పందికి అలా కాదు. గుండె, ఊపిరితిత్తులు ముందుకు, కిందికి, రెండు ముంగాళ్ల మధ్యలో ఉంటాయి. జింకను కొట్టినట్టు వెనుకకు జరిపి కొడితే పందికి కాలేయమో పొట్టో తగులుతుంది. నా మొదటి పంది కూడా అచ్చం మీదానిలాగే తప్పించుకుంది. పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముంగాలి మధ్య గీత వెంటే పైకి చూడండి. ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆపండి. అక్కడ భుజం ఎముక అడ్డం వస్తుంది కాబట్టి బుల్లెట్ తయారీ ముఖ్యమయ్యేది సరిగ్గా అక్కడే.

ఇక .30-06 సంగతి. నేను జింకకు 150 గ్రెయిన్లు వాడతాను, తుపాకి వదిలేటప్పుడు సెకనుకు దాదాపు 890 మీటర్ల వేగం. పందికి 180 గ్రెయిన్లు, దాని వేగం దాదాపు 820. మీ .315 బుల్లెట్ బరువైనదే కానీ నెమ్మదిగా వెళ్తుంది, సెకనుకు 600 చిల్లర. నూరు మీటర్లకు గురి సరిచేసుకున్న .30-06 రెండు వందల మీటర్ల దగ్గర మూడు నాలుగు అంగుళాలు దిగుతుంది. మీది జానెడు దిగుతుంది. నూరు మీటర్లలోపు ఈ తేడాకు పెద్ద అర్థం లేదు. అసలు తేడా విచ్చుకోవడంలో ఉంది. బుల్లెట్ వేగం తగ్గే కొద్దీ విచ్చుకోవడం తగ్గుతుంది. వేగం మరీ ఎక్కువై, గుండు తేలికైనదైతే ఎముక తగలగానే ముక్కలవుతుంది. ఒకసారి పలుచని తొడుగు ఉన్న తేలిక బుల్లెట్‌తో దగ్గర నుంచి జింక భుజం మీద కొట్టాను. లోపలికి పోలేదు, పైనే పగిలి భుజం మాంసమంతా పాడైంది.

జాన్ నోస్లర్ అనే వేటగాడికి 1946లో కెనడాలో ఇదే అనుభవం. బురద పట్టిన పెద్ద మూస్ జింకను ఎన్నిసార్లు కొట్టినా బుల్లెట్లు లోతుకు వెళ్లలేదు. ముందు సగం విచ్చుకోవాలి, వెనుక సగం చెదరకుండా నిలవాలి అని ఆలోచించి, మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్న బుల్లెట్‌ను తయారుచేసి 1948లో అమ్మకానికి తెచ్చారు. నానబెట్టిన పాత పత్రికల కట్ట మీద నేను దాన్ని పరీక్షించాను. కట్ట విప్పితే అడుగున దొరికిన బుల్లెట్ విచ్చిన పత్తికాయలా ఉంది. రాగి తొడుగు నాలుగు రేకులుగా వెనక్కి మడుచుకుంది, మధ్యలో సీసం నలిగి మెరుస్తోంది, వెనుక సగం మాత్రం చెక్కుచెదరలేదు. ముదిరిన మగ పందికి కావలసింది అలాంటిది. గ్రెయిన్ల లెక్క ఆ తర్వాతే.

మాజీ జవాను, అచ్చంపేట

డాలస్‌లో కొట్టు నిండా బుల్లెట్లు ఉంటాయి బాబూ, అచ్చంపేటలో ఉండవు. ఇక్కడ దొరికేవాటిలో తేల్చాలి. డమ్‌డమ్ సంగతి డాక్టర్ గారు చెప్పింది నిజమే, దాన్ని ఒప్పుకుంటున్నాను. కానీ గురి చోటు తప్పినప్పుడు ఏ ఖరీదైన బుల్లెట్టూ కాపాడదని మీ ఇద్దరి మాటల్లోనే తేలింది కదా.

మక్తల్ పొలం

అందరూ పందుల గురించే మాట్లాడుతున్నారు. మా వైపు కృష్ణజింకలు వందల్లో వచ్చి మొలకలు మేసేస్తున్నాయి. వాటికీ ఇలాగే అనుమతి ఎందుకు ఇవ్వరు?

పశువైద్యం, నల్లగొండ

కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అందరికంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. పంట మేసిందన్న కారణంతో దాన్ని చంపే అనుమతి ఎవరికీ రాదు. దుప్పిని కొట్టినా జైలే. మీ నష్టం నిజమైనదే, పరిహారం కోసం పట్టుబట్టండి. తుపాకి మాట మాత్రం తలపెట్టకండి.

పల్లి చేను, కల్వకుర్తి

అన్నలూ, నేను షూటర్‌ని కాదు. నాలుగెకరాల్లో యాసంగి వేరుశనగ వేస్తాను. ఊడలు దిగి కాయ పట్టే వేళకు పందులు వరుస పట్టుకుని దున్నేస్తాయి. ఒక్క రాత్రిలో అరెకరం పోయింది నాకు. పందిని కొట్టమని అర్జీ పెట్టినదాన్ని నేనే. అయినా మీ చర్చంతా చదివాక భయం వేసింది.

బుల్లెట్ పందిలో ఎంత లోతుకు వెళ్లాలి, ఎలా విచ్చుకోవాలి అని మాట్లాడుకున్నారు. పందిని దాటాక అది ఎక్కడికి పోతుందో ఒక్కరూ అడగలేదు. మా చేనుకు తూర్పున ఏనుగంత నల్ల బండలు ఉన్నాయి. ఉత్తరాన మోటారు కొట్టం, దాని పక్కనే మరిది మంచె. కరెంటు రాత్రి పూట ఇస్తే నీళ్లు పెట్టడానికి మా ఇంటి మనిషి చీకట్లో చేనులోనే తిరుగుతుంటాడు. గట్టు అన్న గుండు పందిలోంచి అవతలికి వెళ్లిందని మీరే రాశారు. అది ఎక్కడ ఆగింది?

దేవరకొండ గట్టు

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ గుండు ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. అవతల ఖాళీ చేలు అనుకున్నాను. చీకట్లో టార్చి వెలుగు పడినంత మేరే చూశాను.

మాజీ జవాను, అచ్చంపేట

చెల్లెమ్మ అడిగింది ఈ చర్చలో నేను మొదట రాయవలసిన మాట. రైఫిల్ గుండు అడ్డం లేకపోతే కిలోమీటర్లు పోతుంది. బండ తగిలితే ఏ దిక్కుకు తిరుగుతుందో చెప్పలేం. అందులోనూ తొడుగు బుల్లెట్ చెదరదు కాబట్టి బండ మీద నుంచి మరింత బలంగా ఎగిరిపోతుంది. మన చేలల్లో, బండల మధ్య, మనుషుల మధ్య నేను చెప్పిన తొడుగు బుల్లెట్ తప్పు సలహా. వెనక్కి తీసుకుంటున్నాను.

డాలస్ తమ్ముడు

అక్కా, ఇక్కడ లైసెన్సుకు ముందు చెప్పే తరగతిలో ఇదే నేర్పుతారు. జంతువు వెనుక గుండును ఆపే మట్టి లేకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. ఆకాశం గీత మీద నిలబడిన జింకను ఎంత పెద్దదైనా వదిలేస్తాం. గట్టు అన్నా, ఈ లెక్కన మీ .315 చాలు. అరవై మీటర్లలోపుకు రానివ్వండి. ఆ దూరంలో దాని వేగం ఇంకా మిగిలే ఉంటుంది, సాఫ్ట్ నోస్ భుజం ఎముక మీద విచ్చుకుంటుంది. పన్నెండడుగుల మంచె మీద నుంచి కొడితే గుండు కిందికి వాలి వెళ్తుంది, పంది వెనుక మట్టి గట్టు ఉంటే అందులో దిగబడుతుంది. .30-06 తెచ్చుకుంటే ఇంకా దూరం కొట్టాలన్న ఆశ పుడుతుంది. నాకు పుట్టింది.

పశువైద్యం, నల్లగొండ

అరవై మీటర్ల మాటకు నా ఓటు. ఒక చిన్న సంగతి. చచ్చిన పందిని పూడ్చేటప్పుడు గుంట లోతుగా తీయించండి. సాఫ్ట్ నోస్ సీసం గాయం చుట్టూ పొడిలా చెదురుతుంది, ఎక్స్‌రేలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. నక్కలు తవ్వి తింటే ఆ సీసం వాటి ఒంట్లోకి పోతుంది. కాలిఫోర్నియాలో రాబందులు ఇలా చస్తున్నాయనే అక్కడ 2019 జులై నుంచి వేటకు సీసం బుల్లెట్లు పూర్తిగా ఆపేశారు.

దేవరకొండ గట్టు

దరఖాస్తు ఆలోచన మానుకున్నాను. అమ్మా, అనుమతి వస్తే మీ చేనుకు నేనే వస్తాను. కానీ పగలు ఒకసారి వచ్చి నేల చూసుకున్నాకే. తూర్పు, ఉత్తరం కుదరవని మీరే చెప్పారు. దక్షిణాన ఏముంది?

పల్లి చేను, కల్వకుర్తి

దక్షిణాన చెరువు కట్ట ఉంది అన్నా. రెండు నిలువుల ఎత్తు, మొత్తం మట్టే. పందులు కూడా అటు నుంచే దిగుతాయి. మంచె మొహం అటు తిప్పి వేయిస్తాను. కట్ట మీద గొర్రెల కాపరులు అప్పుడప్పుడు పడుకుంటారు, వాళ్లకు నేనే వెళ్లి చెబుతాను. మీరు వచ్చే రోజు మా ఇంటి మనిషి మోటారు వేయడు.